ఇంట్లో ఉన్న ఒక్క ప్రింటర్‌ను అన్ని కంప్యూటర్లకూ పంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో ప్రింటర్ ఒకటే ఉంటుంది, పని మాత్రం అందరికీ పడుతుంది. పిల్లల ప్రాజెక్టు పేజీలు, హాల్ టికెట్లు, అద్దె ఒప్పందం, బ్యాంకు ఫారాలు ఏదో ఒకటి తగులుతూనే ఉంటాయి. ప్రతిసారీ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ప్రింటర్ ఉన్న కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లను లేపాల్సిన పని లేదు. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది విండోస్ కాబట్టి జవాబుల్లో దానికే పెద్ద వాటా ఇచ్చాను. మెనూల పేర్లు విండోస్ 11లో కనిపించే ప్రకారం రాశాను. విండోస్ 10లో కొన్ని కాస్త అటూ ఇటూగా ఉంటాయి.

మా ప్రింటర్‌ను ఏ పద్ధతిలో పంచుకుంటే మంచిది?

ముందు ప్రింటర్ మోడల్ నంబరు చూడండి. అందులో వైఫై గానీ, ల్యాన్ కేబుల్ పెట్టే పోర్టు గానీ ఉంటే దాన్ని నేరుగా రౌటర్‌కే కలపండి. అప్పుడు ప్రతి కంప్యూటరూ ప్రింటర్‌కు నేరుగా పేజీలు పంపుతుంది. ప్రింటు కోసం ఇంకో కంప్యూటర్ ఆన్ చేసి ఉంచక్కర్లేదు. వైఫై ఉన్న ప్రింటర్‌కు కూడా యూఎస్‌బీ కేబుల్ తగిలించి, ఒక కంప్యూటర్ నుంచి మిగతావాటికి షేర్ చేయాలని తంటాలు పడేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ కష్టం మీకు వద్దు.

ఒకేలా కనిపించే మోడళ్ల దగ్గరే జనం పొరబడతారు. ఎప్సన్ ఎల్3110, ఎల్3210లకు యూఎస్‌బీ మాత్రమే ఉంటుంది. వాటి పక్కనే అమ్మే ఎల్3150, ఎల్3250లకు వైఫై ఉంది. కేనన్‌లో జీ2010కి లేదు, జీ3010కి ఉంది. కొత్తగా కొనేవాళ్లు ఆ కాస్త తేడా డబ్బు పెట్టి వైఫై మోడలే తీసుకోండి. ఈ పేజీలో సగం ప్రశ్నలు మీకు ఎదురే కావు.

ఇక కేనన్ ఎల్‌బీపీ2900, హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 లాంటి పాత యూఎస్‌బీ ప్రింటర్లు ఉన్నాయి. ఏళ్ల తరబడి చెడిపోకుండా పనిచేస్తాయి, టోనర్ రీఫిల్ ఎక్కడైనా దొరుకుతుంది. వాటిని పారేయమని నేను ఎప్పటికీ చెప్పను. వాటికి మాత్రం కంప్యూటర్ ద్వారా షేర్ చేసుకోవడమే దారి.

వైఫై ప్రింటర్ కొన్నాం. మా ఇంటి వైఫై పేరు ప్రింటర్‌కు కనిపించడం లేదు. ఎందుకు?

ఇంటి వాడకానికి అమ్మే ప్రింటర్లలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే అందుతుంది. మీ రౌటర్ 5 గిగాహెర్ట్జ్ పేరును మాత్రమే చూపిస్తుంటే ప్రింటర్‌కు అది కనబడదు. రెండు బ్యాండ్లకూ ఒకే పేరు ఉంటే కొన్నిసార్లు సెటప్ మధ్యలో ఆగిపోతుంది. రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లి రెండు బ్యాండ్లకూ వేర్వేరు పేర్లు పెట్టి, ప్రింటర్‌ను 2.4కి కలపండి. ల్యాప్‌టాప్ 5 మీదే ఉన్నా ఇబ్బంది లేదు. రౌటర్ ఒకటే కాబట్టి రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉంటాయి.

ఇంకో రెండు చిక్కులు ఉన్నాయి. ఒకటి గెస్ట్ వైఫై. అందులో చేరిన పరికరాలను మిగతావాటితో కలవనివ్వకుండా రౌటరే ఆపుతుంది, కాబట్టి ప్రింటర్‌ను గానీ ల్యాప్‌టాప్‌ను గానీ అందులో పెట్టకండి. రెండోది ఇంట్లో రెండు రౌటర్లు ఉండటం. నెట్ కంపెనీ ఇచ్చిన డబ్బా హాల్లో ఉంటుంది, సిగ్నల్ అందడం లేదని బెడ్‌రూమ్‌లో మనం ఇంకోటి పెట్టుకుంటాం. ఆ రెండోది రౌటర్ లాగే పనిచేస్తుంటే ఇంట్లో రెండు వేర్వేరు నెట్‌వర్క్‌లు తయారవుతాయి. హాల్లోని ప్రింటర్ బెడ్‌రూమ్ ల్యాప్‌టాప్‌కు కనిపించదు. రెండో రౌటర్‌ను దాని సెట్టింగుల్లో ‘యాక్సెస్ పాయింట్’ మోడ్‌లోకి మార్చండి.

యూఎస్‌బీ ప్రింటర్‌ను విండోస్‌లో షేర్ చేయడం ఎలా?

ప్రింటర్ తగిలించి ఉన్న కంప్యూటర్‌ను ఇక్కడ ‘పెద్ద కంప్యూటర్’ అందాం. ముందు దాని మీద ఒక టెస్ట్ పేజీ ప్రింటు తీయండి. అక్కడే రాకపోతే షేరింగ్ జోలికి వెళ్లడం వృథా.

పేజీ సరిగా వస్తే సెట్టింగ్స్‌లో ‘బ్లూటూత్ అండ్ డివైసెస్’, అందులో ‘ప్రింటర్స్ అండ్ స్కానర్స్’ తెరిచి మీ ప్రింటర్ మీద నొక్కండి. ‘ప్రింటర్ ప్రాపర్టీస్’లో ‘షేరింగ్’ ట్యాబ్ ఉంటుంది. ‘షేర్ దిస్ ప్రింటర్’ ముందు టిక్ పెట్టి, షేర్ పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీలు లేకుండా, చిన్నగా ఇవ్వండి. పొడవాటి పేరు ఇస్తే తర్వాత టైప్ చేయాల్సింది మీరే.

తర్వాత నెట్‌వర్క్ సంగతి. ‘నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్’లో మీ వైఫై లేదా ఈథర్‌నెట్ ప్రాపర్టీస్ తెరిచి, అది ‘ప్రైవేట్ నెట్‌వర్క్’గా ఉందో లేదో చూడండి. కొత్త వైఫైని విండోస్ మామూలుగా ‘పబ్లిక్’ కింద వేస్తుంది, అలా ఉంటే మీ కంప్యూటర్ ఎవరికీ కనిపించదు. దాన్ని ప్రైవేట్‌కు మార్చాక, ‘అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్’లోకి వెళ్లి ప్రైవేట్ విభాగంలో ‘నెట్‌వర్క్ డిస్కవరీ’, ‘ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్’ రెండూ ఆన్ చేయండి. రెండో కంప్యూటర్‌లోనూ నెట్‌వర్క్ ప్రైవేట్‌గానే ఉండాలి.

ఇప్పుడు రెండో కంప్యూటర్ దగ్గరికి వెళ్లి విండోస్ మీట, ఆర్ మీట కలిపి నొక్కండి. వచ్చిన పెట్టెలో రెండు బ్యాక్‌స్లాష్‌లు, వాటి వెంటనే పెద్ద కంప్యూటర్ పేరు కొట్టి ఎంటర్ నొక్కండి. షేర్ చేసిన ప్రింటర్ కనిపిస్తుంది. దాని మీద రైట్ క్లిక్ చేసి ‘కనెక్ట్’ అంటే డ్రైవర్ (ఆ ప్రింటర్‌తో మాట్లాడటానికి కంప్యూటర్‌కు కావాల్సిన చిన్న సాఫ్ట్‌వేర్) దానంతట అదే దిగుతుంది. అడ్మిన్ అనుమతి అడిగితే ఇవ్వండి.

యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతోంది. నా పిన్ కొడితే ఒప్పుకోవడం లేదు. ఏం చేయాలి?

పిన్ ఆ ఒక్క కంప్యూటర్‌లోకి లాగిన్ అవడానికే. నెట్‌వర్క్ మీదుగా అది చెల్లదు. రోజూ పిన్‌తోనే తెరిచి తెరిచి అసలు పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లకు ఇక్కడే టెన్షన్ మొదలవుతుంది.

తేలికైన దారి ఒకటి ఉంది. పెద్ద కంప్యూటర్‌లో ప్రింటింగ్ కోసమే ఒక లోకల్ అకౌంట్ పెట్టండి. సెట్టింగ్స్‌లో ‘అకౌంట్స్’, ‘అదర్ యూజర్స్’కు వెళ్లి, మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా యూజర్‌ను చేర్చే లింకు ఎంచుకుని ఒక పేరు, పాస్‌వర్డ్ ఇవ్వండి. దానికి అడ్మిన్ హక్కులు అక్కర్లేదు. రెండో కంప్యూటర్ అడిగినప్పుడు పెద్ద కంప్యూటర్ పేరు, బ్యాక్‌స్లాష్, ఆ యూజర్ పేరు కొట్టి, పాస్‌వర్డ్ ఇచ్చి, ‘రిమెంబర్’ టిక్ పెట్టండి. మళ్లీ అడగదు.

పాస్‌వర్డ్ అడగకుండా చేసే స్విచ్ కూడా షేరింగ్ సెట్టింగుల్లో ఉంది. అది వాడకండి. మీ వైఫైలోకి వచ్చిన ప్రతి ఒక్కరికీ తలుపు తీసినట్టవుతుంది. పైగా 2024 చివర్లో వచ్చిన విండోస్ 11 అప్‌డేట్ నుంచి ప్రో ఎడిషన్లు అలాంటి పాస్‌వర్డ్ లేని గెస్ట్ కనెక్షన్లను వాటంతట అవే తిరస్కరిస్తున్నాయి.

కనెక్ట్ అవుతుంటే చివర్లో 11బీ లేదా 709 అని ఉన్న ఎర్రర్ వస్తోంది. నిన్నటిదాకా బాగానే ఉంది కదా?

ఇది మీ తప్పు కాదు, ప్రింటర్ తప్పూ కాదు. 2021 వేసవిలో విండోస్‌లో ప్రింట్ పనులు చూసే ‘ప్రింట్ స్పూలర్’ అనే సర్వీసులో పెద్ద లోపం బయటపడింది. దానికి ‘ప్రింట్‌నైట్‌మేర్’ అని పేరు పడింది. షేరింగ్ దారి గుండా ఎవరైనా కంప్యూటర్ మొత్తాన్ని చేతిలోకి తీసుకునే వీలుండేది. దాన్ని పూడ్చడానికి మైక్రోసాఫ్ట్ వరసగా అప్‌డేట్లు ఇచ్చింది. షేర్ చేసిన ప్రింటర్ డ్రైవర్ దింపాలంటే అడ్మిన్ హక్కులు ఉండాలన్న నిబంధన ఆ ఆగస్టులో వచ్చింది. సెప్టెంబర్ అప్‌డేట్ తర్వాత 11బీ ఎర్రర్ ఊరంతా పాకింది. తర్వాత 2022లో వచ్చిన విండోస్ 11 అప్‌డేట్ రెండు కంప్యూటర్లు ప్రింటు గురించి మాట్లాడుకునే దారినే మార్చింది. ఒక కంప్యూటర్ పాత పద్ధతిలో, ఇంకోటి కొత్త పద్ధతిలో ఉంటే ఇలా పేచీ వస్తుంది.

మొదట రెండు కంప్యూటర్లలోనూ విండోస్ అప్‌డేట్ పూర్తిగా చేసి రీస్టార్ట్ చేయండి. చాలా ఇళ్లలో ఇంతటితో సరిపోతుంది. సరిపోకపోతే ‘లోకల్ పోర్ట్’ పద్ధతి ఉంది, నాకు బాగా నమ్మకమైనది ఇదే. ప్రింటర్ కంపెనీ సైటు నుంచి డ్రైవర్‌ను రెండో కంప్యూటర్‌లో ముందుగా ఇన్‌స్టాల్ చేసుకోండి. ఆ తర్వాత ‘యాడ్ డివైస్’ నొక్కి, ‘యాడ్ మాన్యువల్లీ’ అనే మాట కనిపించేదాకా ఆగి, దాన్ని ఎంచుకోండి. చిట్టచివరి ఆప్షన్ అయిన ‘మాన్యువల్ సెట్టింగ్స్’ తీసుకుని, కొత్త పోర్టు తయారుచేయమని చెప్పి, రకం దగ్గర ‘లోకల్ పోర్ట్’ పెట్టండి. పోర్టు పేరు అడిగితే రెండు బ్యాక్‌స్లాష్‌లు, పెద్ద కంప్యూటర్ పేరు, ఒక బ్యాక్‌స్లాష్, షేర్ పేరు కొట్టండి. తర్వాత జాబితాలోంచి మీ డ్రైవర్ ఎంచుకుంటే అయిపోయింది. డ్రైవర్‌ను పెద్ద కంప్యూటర్ నుంచి తెచ్చుకోవాల్సిన మెట్టే ఇందులో లేదు కాబట్టి ఆ ఎర్రర్‌కు తావుండదు.

విండోస్ తన లోపలి సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఒక విలువను సున్నా చేస్తే సరిపోతుందని చెప్పే వీడియోలు తెలుగులోనూ బోలెడున్నాయి. దానితో ఎర్రర్ పోయే మాట నిజమే, కానీ మైక్రోసాఫ్ట్ పూడ్చిన కన్నాన్ని మీరే మళ్లీ తవ్వినట్టు అవుతుంది. వేరే దారి ఉన్నప్పుడు అది వద్దు.

ఒకప్పుడు ‘హోమ్‌గ్రూప్’ ఉండేది, ఇప్పుడు వెతికితే దొరకడం లేదు.

విండోస్ 7తో వచ్చింది, 2018లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్‌తో తీసేశారు. పైన చెప్పిన మామూలు షేరింగే ఇప్పుడు మిగిలింది.

ప్రింటర్ ఆన్‌లోనే ఉంది, కంప్యూటర్ మాత్రం ‘ఆఫ్‌లైన్’ అంటోంది.

యూఎస్‌బీతో షేర్ చేసినదైతే పెద్ద కంప్యూటర్ నిద్రపోయి ఉంటుంది. దాని పవర్ సెట్టింగుల్లో, ప్లగ్ పెట్టి ఉన్నప్పుడు స్లీప్‌ను ‘నెవర్’ చేయండి. స్క్రీన్ ఆరిపోయినా పర్వాలేదు. పెద్ద కంప్యూటర్‌గా ల్యాప్‌టాప్‌ను వాడుతుంటే మూత వేసినా నిద్రపోకుండా సెట్ చేయాలి. నిజానికి ఈ పనికి డెస్క్‌టాప్ నయం. ల్యాప్‌టాప్‌ను ఎవరో ఒకరు పట్టుకెళ్లిపోతారు.

వైఫై ప్రింటర్ అయితే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. కరెంటు పోయి వస్తుంది, రౌటర్ తిరిగి మొదలై ఇంట్లోని పరికరాలకు అడ్రసులు కొత్తగా పంచుతుంది. మొన్నటిదాకా ప్రింటర్ దగ్గరున్న ఐపీ అడ్రస్ ఇవాళ టీవీకి వెళ్లి ఉండొచ్చు. కంప్యూటర్ ఇంకా పాత అడ్రసుకే పేజీలు పంపుతూ, జవాబు రాక ఆఫ్‌లైన్ అంటుంది. కరెంటు కోతలు ఎక్కువగా ఉండే ఊళ్లలో ఈ ఫిర్యాదు ఎక్కువ వినిపించేది అందుకే.

దీనికి శాశ్వతమైన మందు ఉంది. ప్రింటర్ నుంచి నెట్‌వర్క్ రిపోర్ట్ పేజీ తీయండి. ఏ బటన్ నొక్కాలో మాన్యువల్‌లో ఉంటుంది. అందులో మ్యాక్ అడ్రస్ (ప్రతి పరికరానికీ ఉండే సొంత గుర్తింపు నంబరు), ఐపీ అడ్రస్ రెండూ ఉంటాయి. రౌటర్ సెట్టింగుల్లో ‘అడ్రస్ రిజర్వేషన్’ అనే చోట ఆ మ్యాక్ అడ్రస్‌కు ఒక ఐపీ కేటాయించండి. ఇక కరెంటు ఎన్నిసార్లు పోయినా ప్రింటర్ అడ్రస్ మారదు. ఆ తర్వాత కంప్యూటర్లలో పాత ప్రింటర్‌ను తీసేసి, మాన్యువల్‌గా చేర్చేటప్పుడు ఐపీ అడ్రస్‌తో చేర్చే ఆప్షన్ తీసుకోండి. విండోస్ తనంతట తానే వెతికి చేర్చిన ప్రింటర్ల కంటే ఇలా చేర్చినవి నిలకడగా ఉంటాయి.

ఇవన్నీ చేసినా ఆఫ్‌లైన్ అంటే, ‘ప్రింటర్ ప్రాపర్టీస్’లో ‘పోర్ట్స్’ ట్యాబ్ తెరిచి, పోర్టు కాన్ఫిగరేషన్‌లో ‘ఎస్ఎన్ఎంపీ స్టేటస్’ టిక్ తీసి చూడండి.

ఒక పేజీ క్యూలో ఇరుక్కుపోయింది. డిలీట్ చేసినా పోవడం లేదు.

షేర్ చేసిన ప్రింటర్ అయితే పెద్ద కంప్యూటర్ దగ్గరే సరిచేయాలి. ‘సర్వీసెస్’ తెరిచి ‘ప్రింట్ స్పూలర్’ను ఆపండి. సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ అనే ఫోల్డర్లలోకి వరసగా వెళ్లి, ఆఖరి ఫోల్డర్ లోపలున్న ఫైళ్లను మాత్రమే తీసేయండి. స్పూలర్‌ను మళ్లీ స్టార్ట్ చేయండి. ఇంట్లో ఇంకెవరైనా పంపిన పేజీలు కూడా పోతాయి కాబట్టి ముందు ఒక మాట చెప్పండి.

తెలుగు ఫైల్ వేరే కంప్యూటర్‌లో తెరిస్తే అక్షరాలు పిచ్చిగీతలవుతాయి. షేర్ చేసిన ప్రింటర్‌లోనూ అలాగే వస్తాయా?

రావు. అను ఫాంట్లతో చేసిన శుభలేఖలు, కరపత్రాలు, పాత పేజ్‌మేకర్ ఫైళ్ల దగ్గర ఈ బాధ తెలిసినవాళ్లకు షేరింగ్ నిజంగా వరమే. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే పద్ధతిలోవి కావు. ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు ఉండాల్సిన చోట ఏవో గుర్తులు కనిపిస్తాయి. షేర్ చేసిన ప్రింటర్‌కు మీరు మీ కంప్యూటర్ నుంచే, మీ ఫాంట్లతోనే ప్రింటు ఇస్తారు. షేరింగ్ ట్యాబ్‌లో ‘రెండర్ ప్రింట్ జాబ్స్ ఆన్ క్లయింట్ కంప్యూటర్స్’ అనే టిక్ మామూలుగా పెట్టే ఉంటుంది, దాన్ని అలాగే ఉంచండి. పేజీని తయారుచేసే పని మీ కంప్యూటరే చేసి పంపుతుంది. పెద్ద కంప్యూటర్‌లో తెలుగు ఫాంట్ ఒక్కటీ లేకపోయినా అక్షరాలు చక్కగా వస్తాయి.

ఒక కంప్యూటర్ నుంచి ఇస్తే పేజీ సరిగా వస్తుంది, ఇంకోదాన్నుంచి ఇస్తే లైటు వెలిగి ఆగిపోతుంది.

పేపర్ సైజు చూడండి. అమెరికా లెక్కన సెట్ అయిన కంప్యూటర్ ‘లెటర్’ సైజు అడుగుతుంది, అంటే 8.5 అంగుళాలు, 11 అంగుళాలు. మన ట్రేలో ఉండేది ఏ4, 210 మిల్లీమీటర్లు, 297 మిల్లీమీటర్లు. అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన ల్యాప్‌టాప్‌లలో ఇది తరచూ ఎదురవుతుంది. పెద్ద కంప్యూటర్‌లో ‘ప్రింటర్ ప్రాపర్టీస్’, ‘అడ్వాన్స్‌డ్’, ‘ప్రింటింగ్ డిఫాల్ట్స్’లో ఏ4 పెడితే కొత్తగా కలిసే కంప్యూటర్లకు అదే వెళ్తుంది. ముందే కలిసి ఉన్నవాటిలో విడిగా మార్చుకోవాలి. అక్కడే బ్లాక్ అండ్ వైట్‌ను డిఫాల్ట్ చేసి పెడితే రంగు ఇంకు వృథా కాదు.

ప్రింటర్‌ను షేర్ చేశాను, స్కానర్ మాత్రం రెండో కంప్యూటర్‌లో రావడం లేదు.

విండోస్ షేరింగ్‌లో ప్రింటింగ్ ఒక్కటే వెళ్తుంది, స్కానర్ వెళ్లదు. యూఎస్‌బీ మెషీన్ అయితే పెద్ద కంప్యూటర్‌లోనే స్కాన్ చేసి, షేర్ చేసిన ఫోల్డర్‌లో సేవ్ చేసుకోండి. వైఫై మెషీన్లలో చాలావాటికి నెట్‌వర్క్ స్కానింగ్ ఉంటుంది.

ఫోన్ నుంచి ప్రింటు తీయాలంటే?

వైఫై ప్రింటర్ అయితే సమస్యే లేదు. ఐఫోన్లలో 2010 నుంచీ ఎయిర్‌ప్రింట్ ఉంది. ఆండ్రాయిడ్‌లో ‘డిఫాల్ట్ ప్రింట్ సర్వీస్’ లేదా మోప్రియా యాప్ సరిపోతుంది. ఫోన్ కూడా అదే వైఫైలో ఉండాలి, మొబైల్ డేటా మీద ఉంటే ప్రింటర్ దొరకదు.

యూఎస్‌బీ ప్రింటర్‌ను విండోస్‌లో షేర్ చేస్తే ఫోన్లకు అది కనిపించదు. వాట్సాప్ వెబ్ ద్వారా ఫైల్‌ను కంప్యూటర్‌కు తెచ్చుకోవడమే చాలామంది చేసేది, అందులో తప్పేమీ లేదు. ఆసక్తి ఉంటే రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న లైనక్స్ కంప్యూటర్‌ను ప్రింటర్‌కు తగిలించి, ‘కప్స్’ సాఫ్ట్‌వేర్ పెట్టి షేర్ చేయండి. ఐఫోన్లకు అది ఎయిర్‌ప్రింట్ ప్రింటర్ లాగే కనిపిస్తుంది, కరెంటు ఖర్చు కూడా చాలా తక్కువ. మొదలుపెట్టే ముందు మీ ప్రింటర్‌కు డ్రైవర్ ఉందో లేదో చూసుకోండి. హెచ్‌పీ 1020కి ఉచితంగా దొరికే లైనక్స్ డ్రైవర్ ఉంది. కేనన్ ఎల్‌బీపీ2900కు కంపెనీ ఇచ్చిన లైనక్స్ డ్రైవర్ మామూలు పీసీ ప్రాసెసర్లకే, రాస్ప్‌బెర్రీ పై మీద అది నడవదు.

ఇంట్లో మ్యాక్ కూడా ఉంది. కలుస్తుందా?

వైఫై ప్రింటర్ అయితే మ్యాక్‌కు డ్రైవర్ అవసరం కూడా దాదాపు ఉండదు. మ్యాక్‌కే యూఎస్‌బీ ప్రింటర్ ఉంటే సిస్టమ్ సెట్టింగ్స్‌లో ‘జనరల్’, ‘షేరింగ్’, ‘ప్రింటర్ షేరింగ్’ ఆన్ చేయండి. విండోస్ షేర్ చేసిన ప్రింటర్‌కు మ్యాక్ నుంచి ప్రింటు ఇవ్వడం మాత్రం కష్టమైన దారి. ఆ మోడల్‌కు మ్యాక్ డ్రైవర్ ఉంటేనే ప్రయత్నించండి.

రౌటర్ వెనక యూఎస్‌బీ పోర్టు ఉంది. ప్రింటర్‌ను దానికే తగిలించొచ్చా?

రౌటర్ స్పెసిఫికేషన్లలో ప్రింటర్ సపోర్ట్ అని రాసి ఉంటేనే. చాలావాటిలో ఆ పోర్టు పెన్‌డ్రైవ్‌లకు, హార్డ్ డిస్కులకు మాత్రమే. ఉన్నా, చవకైన లేజర్ ప్రింటర్లతో ఇబ్బందే. పేజీని తయారుచేసే పని అవి కంప్యూటర్‌కే వదిలేస్తాయి. హెచ్‌పీ 1020 అయితే ఆన్ చేసిన ప్రతిసారీ తనను నడిపించే లోపలి సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్‌ను కూడా కంప్యూటర్ నుంచే తీసుకుంటుంది. రౌటర్‌కు ఆ సంగతి తెలియదు, దాంతో ప్రింటర్ కదలకుండా కూర్చుంటుంది.

పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్‌ను కలపడానికి ఎస్ఎంబీ1 అనే పాత షేరింగ్ పద్ధతిని ఆన్ చేయమంటున్నారు. చేయొచ్చా?

వద్దు. 2017 మేలో ప్రపంచాన్ని కుదిపేసిన, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వైరస్ ఆ పాత ఎస్ఎంబీ1 దారినే పాకింది. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ ఏడాది చివరి నుంచి కొత్తగా వేసుకున్న విండోస్ 10లో మైక్రోసాఫ్ట్ దాన్ని మామూలుగా పెట్టడమే మానేసింది. ఎక్స్‌పీలోని ఫైల్‌ను పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి.

ఊళ్లో అమ్మానాన్నల ఇంట్లో ఉన్న ప్రింటర్‌కు హైదరాబాద్ నుంచో, అమెరికా నుంచో ప్రింటు పంపొచ్చా?

పంపొచ్చు, ప్రింటర్‌కు వైఫై ఉండి కంపెనీ ఆ సేవ ఇస్తుంటే. గూగుల్ క్లౌడ్ ప్రింట్ 2020 డిసెంబర్ 31తో మూతపడింది కాబట్టి దాని గురించి చెప్పే పాత సలహాలు పనికిరావు. ఎప్సన్ వైఫై మోడళ్లలో చాలావాటికి ఎప్సన్ కనెక్ట్‌లో నమోదు చేసుకుంటే ఒక ఈమెయిల్ అడ్రస్ ఇస్తారు. దానికి పీడీఎఫ్ పంపితే అక్కడ ప్రింటు వస్తుంది. ఎవరు పంపితే తీసుకోవాలో జాబితా పెట్టుకునే వీలుంది, తప్పకుండా పెట్టుకోండి.

దీనికోసం రౌటర్‌లో 9100, 631 లాంటి పోర్టులు (ప్రింటు పనులు నెట్‌వర్క్ మీదుగా వచ్చే దారులు) ఇంటర్నెట్‌కు తెరవమని ఎవరైనా చెబితే మాత్రం వినకండి. 2018 నవంబర్ చివర్లో ఒక యూట్యూబర్ అభిమాని అలా తెరిచి ఉన్న ప్రింటర్లను వెతికి పట్టుకున్నాడు. దాదాపు 50 వేల ప్రింటర్లకు తన ప్రచార పేజీ పంపానని చెప్పుకున్నాడు.

పంపే ముందు ఇంటికి ఒకసారి ఫోన్ చేసి ప్రింటర్ ఆన్ చేసి, ట్రేలో కాగితాలు పెట్టమనండి.